కార్పెట్ కింద బయటపడిన పాత టైల్స్, నల్ల జిగురు: ఆస్‌బెస్టాస్ ఉందేమోనన్న సందేహానికి సమాధానం

మీరు రాసినదాన్ని నేను అర్థం చేసుకున్న మేరకు ముందుగా చెబుతాను. 1960లలో కట్టిన ఇల్లు కొన్నారు. హాల్లో కార్పెట్ ఎత్తితే కింద 9 అంగుళాల చదరపు టైల్స్ కనిపించాయి. ఎక్కువ భాగం గట్టిగా అతుక్కునే ఉన్నా కొన్ని పగిలి ఉన్నాయి, పగిలిన చోట తారులాంటి నల్ల జిగురు బయటపడింది. వంటగదిలో ఉన్నది టైల్ కాదు, చుట్టగా తెచ్చి పరిచే వినైల్ షీటు. పోయిన వారం మీ వారు హాల్లో ఒక మూల పదిహేను టైల్స్ ఊడదీసి, ఆ చోటంతా చీపురుతో ఊడ్చేశారు. ఇక సాండింగ్ మెషిన్ అద్దెకు తెచ్చారు, దానితో నల్ల జిగురును అరగదీసి, పైన చెక్క ఫ్లోరింగ్ వేయాలన్నది ఆలోచన. ఇంట్లో మూడేళ్ల పాప ఉంది. ఇది ప్రమాదమా, అయితే ఎంత, పాపకు స్కాన్ తీయించాలా, ఇప్పుడేం చేయాలి అన్నది మీ ప్రశ్న.

అన్నిటికన్నా ముందు ఆ మెషిన్‌ను వాడకుండానే తిరిగి ఇచ్చేయండి. పాత ఇళ్లలో ఆస్‌బెస్టాస్ పరిశీలన, తొలగింపు పనుల్లో ఇరవై ఏళ్లకు పైగా ఉన్నవాడిగా చెబుతున్నాను: ఇప్పటిదాకా మీ ఇంట్లో జరిగినది సరిదిద్దుకోగలిగిన పొరపాటే. ఆ జిగురు మీద సాండింగ్ మెషిన్ ఒక్క గంట తిరిగిందంటే ఆ మాట అనడం కష్టమవుతుంది. నేలలో ఉన్న ఆస్‌బెస్టాస్ ఎంత అపాయమన్నది అది ఎంత శాతం ఉందన్నదాని కన్నా దాన్ని మనం ఏ పనిముట్టుతో ముట్టుకున్నామన్నదాని మీదే ఎక్కువగా ఆధారపడుతుంది.

ఎందుకో చెప్పాలంటే ఆ పదార్థం స్వభావం కొంచెం చెప్పాలి. తెలుగులో రాతినార అని పిలిచే ఈ ఖనిజాన్ని ఎంత నలిపినా పొడి కాదు, నిలువునా చీలుతూ అంతకంతకూ సన్నని పోగులవుతుంది. మనిషి వెంట్రుక మందం రమారమి 70 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఉంటే, ఊపిరితిత్తుల లోపలి గాలి గదుల దాకా వెళ్లే ఆస్‌బెస్టాస్ పోగు మందం 3 మైక్రాన్ల కన్నా తక్కువ, తరచుగా ఒక మైక్రాన్‌లో కొంత భాగమే. అంత సన్ననిది కంటికి కనబడదు, వాసన ఉండదు, దగ్గు తెప్పించదు, ఒకసారి లేచాక గంటల తరబడి గాలిలో తేలుతూ ఉంటుంది. లోపలికి చేరిన పొడవైన పోగులను శరీరంలోని రక్షక కణాలు పూర్తిగా మింగలేవు, కరిగించనూ లేవు. అవి అక్కడే ఉండిపోయి ఏళ్ల తరబడి కలిగించే వాపు వల్ల ఊపిరితిత్తులు మచ్చలుకట్టి గట్టిపడే ఆస్‌బెస్టోసిస్, ఊపిరితిత్తుల క్యాన్సర్, ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పొరకు వచ్చే మెసోథెలియోమా అనే అరుదైన క్యాన్సర్ రావచ్చు. పీల్చిన నాటికీ జబ్బు బయటపడే నాటికీ మధ్య 20 నుంచి 50 ఏళ్లు గడవడం మామూలు. "మా తాత ఇలాంటి టైల్స్ వందల ఇళ్లలో పీకాడు, మర్నాడు కూడా బాగానే ఉన్నాడు" అన్న వాదనకు విలువ లేకపోవడానికి ఈ జాప్యమే కారణం.

నేల సామగ్రిలో ఉండేది దాదాపు ఎప్పుడూ తెల్ల ఆస్‌బెస్టాస్, అంటే క్రైసోటైల్. తెల్లది హానిచేయదనీ నీలిది, గోధుమరంగుదే ప్రమాదమనీ పనివాళ్లలో ఇప్పటికీ ఒక మాట తిరుగుతూ ఉంటుంది. నీలి ఆస్‌బెస్టాస్‌తో మెసోథెలియోమా ముప్పు ఎక్కువన్నది నిజమే. అంతమాత్రాన తెల్లది నిరపాయం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అన్ని రకాల ఆస్‌బెస్టాస్‌నూ మనుషుల్లో క్యాన్సర్ కలిగించే మొదటి వర్గంలోనే చేర్చింది.

ఇక మీ నేల సంగతి. మీ ఇంట్లో మూడు వేర్వేరు వస్తువులున్నాయి. మూడింటినీ ఒకే గాటన కట్టడం వల్లే చాలామంది పొరపడతారు.

మొదటిది టైల్. 1920ల నుంచి తారు కలిపిన టైల్స్‌లోనూ, రెండో ప్రపంచ యుద్ధం తరువాత 1980ల తొలినాళ్లదాకా వినైల్ టైల్స్‌లోనూ బలం కోసం, వేడికీ తేమకూ వంకరపోకుండా ఉండటం కోసం ఆస్‌బెస్టాస్ కలిపేవారు. టైల్ బరువులో పదో వంతు, ఒక్కోసారి అంతకు మించి ఈ పోగే ఉంటుంది. అయితే అది వినైల్‌లో గానీ తారులో గానీ గట్టిగా బంధించి ఉంటుంది కనుక, పగలని టైల్ మీద నడిచినా తడిగుడ్డ పెట్టినా పోగులు బయటికి రావు. టైల్ రెండు ముక్కలైతే ఆ అంచు వద్ద కొద్దిగా వస్తాయి. దాన్ని పొడి చేసినా, కోసినా, అరగదీసినా ఆ బంధం విడిపోతుంది.

రెండోది నల్ల జిగురు. టైల్స్‌ను చూసి భయపడేవాళ్లు కూడా దీన్ని మురికి కింద జమకట్టి గీకిపారేస్తారు. తారు ఆధారంగా చేసిన ఈ జిగుళ్లలో చాలావాటిలో ఆస్‌బెస్టాస్ కలిపేవారు. అన్నిటిలోనూ కాదు, కానీ ఏది ఏదో కంటితో తెలియదు. ఒక ఇంటి యజమాని టైల్‌ను మాత్రమే పరీక్షకు పంపి, లేదని ఫలితం రాగానే పని మొదలుపెట్టించారు. ఫ్లోరింగ్ పనివాళ్లు జిగురును గ్రైండర్‌తో రెండు రోజులు అరగదీశారు. ఆస్‌బెస్టాస్ ఉన్నది ఆ జిగురులోనే. నేను వెళ్లేసరికి ఆ దుమ్ము వేడిగాలి గొట్టాల గుండా పడకగదుల దాకా చేరి ఉంది. నేల బాగుచేయడానికి వారం పట్టేది, ఇల్లు శుభ్రం చేయడానికి రెండు నెలలు పట్టింది. మీరు తలపెట్టిన పనీ అదే కనుక దీన్ని ఇంత వివరంగా చెబుతున్నాను.

మూడోది వంటగదిలోని వినైల్ షీటు. నా లెక్కలో మీ ఇంట్లో అన్నిటికన్నా జాగ్రత్తగా చూడవలసినది ఇదే, మీ ప్రశ్నలో దీనికి దక్కింది మాత్రం ఒక్క వాక్యం. ఆ కాలపు షీట్లలో చాలావాటికి అడుగున అట్టలాంటి మెత్తని పొర అంటించి ఉండేది. ఆ పొరలో సగానికి పైగా ఆస్‌బెస్టాస్ ఉండటం అసాధారణం కాదు. టైల్‌లోలాగా అది గట్టిగా బంధించి ఉండదు, వేలితో నలిపితే నూగులా రాలుతుంది. షీటును మూల పట్టుకుని లాగితే పైపొర చేతికి వచ్చి, బూడిదరంగు నూగు నేలకు అతుక్కుని మిగిలిపోతుంది. ఆ నూగును పొడిగా గీకడం ఇళ్లలో జరిగే నేల పనులన్నిటిలోకీ అత్యంత ప్రమాదకరమైనది. నమూనా తీయడానికి తప్ప, పరీక్ష ఫలితం వచ్చేదాకా దాని అంచు కూడా ఎత్తకండి.

వీటితోపాటు చెక్క పలకల కింద పరిచే కాగితపు పొర, నేల చదును చేయడానికి పూసిన పాత లేపనం, టైల్ కింద వేసిన సిమెంటు బోర్డు కూడా అనుమానించదగినవే. ఆస్ట్రేలియాలో ఆస్‌బెస్టాస్ మోసిన గోనెసంచులను చించి కార్పెట్ కింది మెత్తలు తయారుచేసిన ఉదంతాలు కూడా ఉన్నాయి.

ఇల్లు కట్టిన సంవత్సరాన్ని బట్టి తేల్చేయవచ్చా అంటే, అనుమానించడానికి సరిపోతుంది గానీ నిర్ధారణకు పనికిరాదు. బ్రిటన్ నీలి, గోధుమ రకాలను 1985లో, తెల్ల రకాన్ని 1999లో నిషేధించింది. ఆస్ట్రేలియాలో పూర్తి నిషేధం 2003 చివర్లో అమల్లోకి వచ్చింది. అమెరికాలో 1989 నాటి విస్తృత నిషేధాన్ని 1991లో కోర్టు చాలావరకు కొట్టివేసినా, షీటు అడుగున వాడే అట్టపొర మీద నిషేధం మాత్రం నిలిచింది. అక్కడ తెల్ల ఆస్‌బెస్టాస్‌ను నిషేధించే నిబంధన 2024లో గానీ రాలేదు. నిషేధం వచ్చాక కూడా గోదాముల్లో మిగిలిన సరుకు కొన్నాళ్లు వాడుకలో ఉండేది. కొత్త ఇంట్లో పాత టైల్స్ పెట్టెలు, పాత ఇంట్లో 1990లలో మార్చిన నేల, రెండూ నేను చూశాను. 9 అంగుళాల టైల్ అయితే అనుమానం బలపడుతుందన్నది నిజమే. 12 అంగుళాలదైతే నిశ్చింత అనుకోవడం మాత్రం తప్పు. వృత్తిలోకి వచ్చిన కొత్తలో నేనే ఒక 12 అంగుళాల లేత రంగు టైల్‌ను చూసి ఇందులో ఏమీ ఉండదని ధీమాగా చెప్పాను, ప్రయోగశాల నివేదిక వచ్చాక ఆ ఇంటివారికి క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది. అప్పటినుంచి కంటితో తీర్పు చెప్పడం మానేశాను.

అందుచేత పరీక్ష తప్పదు. గుర్తింపు ఉన్న పరిశీలకుణ్ణి పిలిపించడం మేలు. కొన్ని దేశాల్లో నమూనా తీయడానికి కూడా శిక్షణ పొందినవారే ఉండాలన్న నిబంధన ఉంది, అది ముందు కనుక్కోండి. యజమాని తీయవచ్చన్న చోట కూడా పద్ధతి ఇదీ: ఫ్యాన్లు, గాలి యంత్రాలు ఆపి, పాపను ఇంటి బయట ఉంచి, నమూనా తీసే చోటును కొద్దిగా సబ్బు కలిపిన నీటితో తడపాలి. సబ్బు లేని నీరు ఆ పోగుల మధ్యకు సరిగా ఇంకదు. ఇప్పటికే పగిలి ఉన్న టైల్ నుంచి ఒక ముక్క, దాని కింది జిగురు కొంచెం, వంటగది షీటును పైపొర నుంచి అట్టపొర దాకా కలిపి కోసిన చిన్న ముక్క, వేటికవి విడిగా జిప్ ఉన్న రెండేసి సంచుల్లో పెట్టి, ఏది ఎక్కడిదో రాయాలి. కోసిన చోటును తడి కాగితంతో తుడిచి టేపు అంటించాలి, ఆ కాగితాన్ని కూడా సంచిలోనే వేయాలి. వేరే గదిలో టైల్ రంగు మారితే అది వేరే నమూనా.

నివేదిక చదివేటప్పుడు ఒక సంగతి గమనించండి, దీన్ని చాలామంది చెప్పరు. ప్రయోగశాలలు మామూలుగా ధ్రువిత కాంతి మైక్రోస్కోపుతో చూస్తాయి. టైల్స్‌లో కలిపిన పోగు మరీ సన్నగా ఉండి, పైగా వినైల్ పూతలో దాక్కుని ఉంటుంది కనుక ఆ మైక్రోస్కోపుకు దొరక్కపోవచ్చు. ఉందని వస్తే నమ్మవచ్చు. టైల్ విషయంలో లేదని వస్తే మాత్రం అదే నమూనాను ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో మళ్లీ చూడమని అడగండి. జిగురుకూ ఇదే వర్తిస్తుంది.

ఫలితం వచ్చేదాకా అన్నిటిలోనూ ఉన్నట్టే భావించి, పోయిన వారం జరిగినదాన్ని సరిచేసుకోవాలి. ఆ మూలకు రాకపోకలు ఆపండి. ఆ గదిలోకి వచ్చే వేడిగాలి లేదా ఏసీ గాలి మార్గాలను మూసి టేపు వేయండి. మళ్లీ చీపురు పట్టవద్దు. ఇంట్లో వాడే వాక్యూమ్ క్లీనర్ అసలే వద్దు, దాని వడపోత గుండా సన్నని పోగులు దూరి వెనకనుంచి గదంతా చిమ్ముతాయి. 0.3 మైక్రాన్ల రేణువులను 99.97 శాతం పట్టే హెపా ఫిల్టర్‌తో, ఈ పనికే తయారుచేసిన వాక్యూమ్ అయితేనే వాడాలి. అది లేకపోతే తడి గుడ్డలతో, గదిలో దూరపు గోడ నుంచి గుమ్మం వైపు, ఒకసారి తుడిచిన మడతను మళ్లీ వాడకుండా తుడిచి, ఆ గుడ్డలను సంచిలో కట్టేయాలి. వాడిన చీపురునూ అందులోనే వేయండి. ఊడదీసిన టైల్స్ చెత్తబుట్టలో ఉంటే తడిపి, మందపాటి ప్లాస్టిక్ సంచులు రెండింటిలో ఒకదానిలో ఒకటి పెట్టి కట్టి, మీ ప్రాంతంలో ఆస్‌బెస్టాస్ వ్యర్థాలు తీసుకునే చోటికి పంపండి. ఈ పని చేసేవారు పి100 లేదా పి3 ఫిల్టర్ ఉన్న, ముఖానికి బిగుతుగా అతికే మాస్క్ వేసుకోవాలి. గుడ్డ మాస్కు, శస్త్రచికిత్సల మాస్కు ఇక్కడ ఉన్నా లేనట్టే. గడ్డం ఉంటే మంచి మాస్కు కూడా అంచుల వద్ద గాలి వదులుతుంది. ఆ రోజు వేసుకున్న బట్టలను దులపకుండా తడిపి, విడిగా ఉతకండి. బట్టల ద్వారా ఇంటికి చేరిన దుమ్ముతో కార్మికుల భార్యలకు, పిల్లలకు జబ్బులు వచ్చిన సంగతి వైద్యచరిత్రలో నమోదై ఉంది.

ఇక మీరు అన్నిటికన్నా భయపడుతున్న విషయం, ఇప్పటికే పీల్చిన దుమ్ము వల్ల పాపకు, మీకు జబ్బు వస్తుందా అన్నది. ఈ జబ్బుల గురించి మనకు తెలిసినదంతా ప్రధానంగా గనుల్లో, కర్మాగారాల్లో, ఓడల నిర్మాణంలో, పైపులకు ఆస్‌బెస్టాస్ చుట్టే పనుల్లో ఏళ్ల తరబడి దుమ్ము పీల్చినవారి నుంచి తెలిసింది. పీల్చిన మోతాదు పెరిగేకొద్దీ ముప్పు పెరుగుతుంది. ఇంతకు లోపు సురక్షితం అని గీత గీయగలిగిన మోతాదు ఏదీ నిర్ధారణ కాలేదు కనుక, సున్నా ముప్పు అని నేను చెప్పను. కానీ చాలావరకు నిండుగా ఊడివచ్చిన పదిహేను టైల్స్, ఒకసారి ఊడ్చిన నేల, దీనివల్ల కలిగే అదనపు ముప్పు చాలా స్వల్పం. పాపకు ఎక్స్‌రే, సీటీ స్కాన్ తీయించాలన్న ఆలోచన మానుకోండి. వారం క్రితం పీల్చినదాన్ని ఏ పరీక్షా చూపించలేదు, స్కాన్ రేడియేషన్ మాత్రం పాపకు మిగులుతుంది. మీ కుటుంబ వైద్యుడికి తేదీతో సహా చెప్పి నమోదు చేయించుకుంటే చాలు. మీ వారు పొగతాగేవారైతే మాత్రం ఒక మాట. అమెరికాలో ఆస్‌బెస్టాస్ చుట్టే కార్మికుల మీద జరిగి 1979లో వెలువడిన అధ్యయనంలో, రెండూ లేనివారితో పోల్చితే ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలు ఆస్‌బెస్టాస్ ఒక్కటే ఉన్నవారిలో సుమారు 5 రెట్లు, పొగ ఒక్కటే ఉన్నవారిలో సుమారు 11 రెట్లు, రెండూ కలిసినవారిలో 50 రెట్లకు పైగా ఉన్నాయి. ఆయన సిగరెట్ మానడం వల్ల కలిగే మేలు నేను నేల గురించి చెప్పే ఏ సలహా వల్లా కలగదు.

నేలను ఏం చేయాలన్న ప్రశ్నకు నా అభిప్రాయం సూటిగా చెబుతాను: హాల్లో తీయకండి, కప్పేయండి. టైల్స్ ఎక్కువ భాగం గట్టిగా అతుక్కుని ఉన్నాయని మీరే రాశారు. ఖాళీ అయిన మూలలో నల్ల జిగురును తడిగా శుభ్రం చేసి, పోగులను బంధించి ఉంచే పూత పూయించి, ఆ గుంటను చదునుచేసే లేపనంతో టైల్ ఎత్తుకు తేవాలి. ఆ లేపనం తారు జిగురు మీద పట్టుకునే రకమేనా అన్నది తయారీదారుని అడిగి తేల్చుకోండి, అన్నీ పట్టుకోవు. దాని మీద మేకులూ స్క్రూలూ అక్కరలేని, ఒకదానికొకటి బిగుసుకునే తేలియాడే చెక్క ఫ్లోరింగ్ వేసుకోవచ్చు. మేకులతో బిగించే నిజమైన చెక్క పలకలే కావాలని పట్టుబడితే ప్రతి మేకూ టైల్‌ను చీలుస్తుంది, అందుకే దానికి నేను సుముఖంగా లేను. కొత్త నేల ఎత్తు పెరిగితే తలుపుల అడుగు కోయవలసి వస్తుంది. ఆ తలుపును ఊడదీసి బయట కోయండి, గుమ్మంలోనే రంపం పెడితే అది కింద టైల్‌ను తాకుతుంది.

కప్పడం కుదరని సందర్భాలున్నాయి. కింద నుంచి తేమ ఎక్కి టైల్స్ వాటంతట అవే లేస్తున్నా, నేల కుంగినా, కింద పైపులు మార్చవలసి ఉన్నా తొలగించక తప్పదు. తేమకు కారణం సరిచేయకుండా కప్పేస్తే మూడేళ్లలో కొత్త ఫ్లోరింగ్ కూడా లేస్తుంది, అప్పుడు రెండూ తీయాలి.

వంటగది షీటులో ఆస్‌బెస్టాస్ ఉందని తేలి, దాన్ని తీయాలనుకుంటే అది లైసెన్సు ఉన్నవారి పని, ఇందులో నేను రాజీపడను. వాళ్లు గదిని మందపాటి పాలిథీన్‌తో మూసి, లోపలి గాలి బయటి గదుల్లోకి రాకుండా హెపా యంత్రంతో లోపల గాలి ఒత్తిడి తగ్గించి, షీటును పట్టీలుగా కోస్తూ తడుపుతూ చుట్టి తీస్తారు. టైల్స్‌నైతే తడిపి, వేడిచేసి మెత్తబరచి నిండుగా లేపుతారు. జిగురును రసాయనంతో కరిగించి తడిగా గీకుతారు. ఆ రసాయనాల్లో కొన్నిటికి నిప్పు అంటుకునే గుణం ఉంది కనుక పొయ్యి, గీజరు మంటలన్నీ ముందే ఆర్పాలి. రసాయనం పూర్తిగా కడగకపోతే కొత్త జిగురు పట్టదన్నది కూడా గుర్తుంచుకోండి. పని అయ్యాక గాలి పరీక్ష చేయించాలి. బ్రిటన్‌లో గది తిరిగి అప్పగించడానికి వాడే కొలమానం మిల్లీలీటరు గాలిలో 0.01 పోగుల కన్నా తక్కువ ఉండటం. ఆ పరీక్షకుణ్ణి మీరే విడిగా కుదుర్చుకోండి, తొలగించినవారే తీసుకువచ్చి డబ్బిచ్చే పరీక్షకుడి నివేదికను నేను నా సొంత ఇంటికైతే ఒప్పుకోను. "మేం చూసుకుంటాం, పరీక్ష అక్కర్లేదు" అని ఫోనులోనే ధర చెప్పేవారిని అక్కడితో వదిలేయండి.

కప్పేదాకా ఆ టైల్స్ మీద బతకవలసిన వారాల్లో తడి మాపు చాలు. గరుకు ప్యాడ్లు, ఇనుప పీచు వాడవద్దు. పాలిష్ పూత గీయవలసి వస్తే తడిగా, మెత్తని ప్యాడ్‌తో, నిమిషానికి 300 చుట్ల లోపు తిరిగే యంత్రంతోనే చేయాలని అమెరికా కార్మిక భద్రతా నిబంధనలు చెబుతాయి, ఇంట్లో అయితే ఆ పని వాయిదా వేయడమే మంచిది. బల్లలు, కుర్చీల కాళ్లకు మెత్తని ఫెల్టు ముక్కలు అంటించండి. పగిలిన టైల్ అంచుల మీద, పాప వేళ్లు పెట్టకుండా, వెడల్పాటి టేపు వేయండి.

చివరగా, కొత్త ఫ్లోరింగ్ వేసే ముందు హాలు నేల ఫొటోలు తీసి, ప్రయోగశాల నివేదికతో కలిపి ఇంటి కాగితాల్లో పెట్టండి. ఏ గదిలో, ఏ పొర కింద ఏముందో రాసిన ఒక కాగితాన్ని విద్యుత్ మీటరు పెట్టె లోపలివైపు అంటించండి. పదిహేనేళ్ల తరువాత నేలకు రంధ్రం చేయడానికి వచ్చే ప్లంబరు మీ ఇంటి కాగితాలు అడగడు, ఆ పెట్టె మాత్రం తెరుస్తాడు.